రేకులు లేచిన రోజే అడగాలి: కాలనీ పక్కన కాంప్లెక్స్, మన రోడ్డు లెక్క

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ప్రశ్న మీద. ఈ మధ్య కొండాపూర్, మణికొండ, నిజాంపేట వైపు ఉండే చాలామంది ఒకే సంగతి రకరకాలుగా అడుగుతున్నారు. "మా కాలనీ ఎంట్రన్స్ పక్కన ఖాళీ స్థలానికి రేకులు కట్టారు. మాల్ అంటున్నారు, కింద షాపులు, పైన మల్టీప్లెక్స్ అంటున్నారు. ఇప్పటికే సాయంత్రం బండి బయటికి తీయలేకపోతున్నాం. మేం ఏమైనా చేయగలమా?"

మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు వేడి వేడిగా చర్చ. ఆదివారం అసోసియేషన్ మీటింగ్. తర్వాత నలుగురు పెద్దవాళ్ళు కార్పొరేటర్ దగ్గరికి వెళ్తారు, సోమవారం ప్రజావాణిలో వినతిపత్రం ఇస్తారు. అందులో "ట్రాఫిక్ విపరీతంగా పెరుగుతుంది, కావున అనుమతి రద్దు చేయగలరు" అని ఉంటుంది. కొన్నాళ్ళకి జవాబు వస్తుంది: "సదరు నిర్మాణానికి అన్ని అనుమతులూ ఉన్నవి." అక్కడితో కథ అయిపోతుంది.

ఇక్కడ తమాషా ఏంటంటే, ఆ ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ట్రాఫిక్ పెరిగేదీ నిజమే, అనుమతులు ఉన్నదీ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజం అవుతాయి? అది అర్థమైతే ఎక్కడ అడగాలో, ఎప్పుడు అడగాలో తెలుస్తుంది. ఈరోజు చెప్పేది అదే.

ముందు ఒక మాట. నేను మాల్స్‌కి వ్యతిరేకిని కాను. ఇంటి దగ్గర మందుల షాపు, కూరగాయల షాపు, టిఫిన్ సెంటర్ ఉంటే మనం బండి తీసే అవసరమే తగ్గుతుంది. నడిచి వెళ్ళి తెచ్చుకుంటాం. కాబట్టి "ఇళ్ళ మధ్య వ్యాపారమే వద్దు" అనే వాదనలో నాకు పస కనిపించదు. నా సమస్య వేరే. మన వీధి వాళ్ళ కోసం పెట్టిన షాపు ఒకటి, ఊరంతా కార్లేసుకుని రావాల్సిన కాంప్లెక్స్ ఒకటి. రెంటినీ కాగితం మీద "కమర్షియల్" అనే ఒకే మాటతో పిలుస్తాం. రోడ్డుకి మాత్రం రెండూ ఒకటి కాదు.

సరే, రోడ్డు లెక్కలోకి వద్దాం. ఒక రోడ్డు గంటకి ఎన్ని బండ్లు మోయగలదు అన్నదానికి మన దేశంలో ఒక ప్రమాణం ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు 1990లో ఐఆర్‌సీ 106 అని ఒక గైడ్‌లైన్ ఇచ్చారు. అందులో అన్ని బండ్లనీ కారు లెక్కలోకి మారుస్తారు. ఒక కారు అంటే ఒక యూనిట్. దాన్ని పీసీయూ అంటారు. బైక్ అర యూనిట్, కానీ మొత్తం బండ్లలో బైకులు 10 శాతం దాటితే ముప్పావు యూనిట్. మన దగ్గర 10 శాతం దాటని రోడ్డు ఎక్కడుంది చెప్పండి! కాబట్టి ముప్పావే వేసుకోవాలి. ఆటోలు కూడా 10 శాతం దాటితే ఒక్కో ఆటో రెండు యూనిట్లు.

ఇప్పుడు అసలు విషయం. అటొక లేను, ఇటొక లేను ఉన్న రోడ్డు తీసుకుందాం. ఆ గైడ్‌లైన్ ప్రకారం అది ఆర్టీరియల్ రోడ్డు అయితే, అంటే రోడ్డు మీదికి నేరుగా ఇళ్ళ గేట్లు గానీ షాపుల గేట్లు గానీ లేకుండా, పక్కన ఆగిన బండ్లు లేకుండా ఉంటే, రెండు వైపులా కలిపి గంటకి 1500 యూనిట్లు మోస్తుంది. గేట్లున్నా బండ్లు ఆగని రోడ్డయితే 1200. ఇక గేట్లు తెరుచుకుంటూ, పక్కన బండ్లు పార్క్ చేసి, అడ్డంగా జనం, బండ్లు దాటుతూ ఉండే కలెక్టర్ స్ట్రీట్ అయితే 900.

ఒకసారి ఆగి ఈ అంకెలు చూడండి. వెడల్పు అదే, తారు అదే. పక్కన ఏం జరుగుతోంది అన్నదాన్ని బట్టి 1500 కాస్తా 900 అయింది. అంటే 40 శాతం రోడ్డు, ఒక్క గజం కూడా ఎవరూ తవ్వకుండానే మాయం.

అందుకే రోడ్డు పక్కన పెద్ద కమర్షియల్ బిల్డింగ్ వచ్చినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. బండ్లు పెరుగుతాయి, ఆ బండ్లని మోసే రోడ్డు చిన్నదవుతుంది. మనం వినతిపత్రంలో మొదటిదే రాస్తాం. రెండోది ఎవరూ రాయరు. నా ఉద్దేశంలో రెండోదే పెద్దది.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఇది నేను ఉదాహరణకి వేసుకున్న లెక్క, ఏదో ఒక కాలనీది అనుకోకండి. మీ రోడ్డు 900 యూనిట్ల రోడ్డు. శనివారం సాయంత్రం 7 నుంచి 8 దాకా ఇప్పుడు 600 యూనిట్లు వెళ్తున్నాయి. అంటే మూడింట రెండొంతులు నిండింది. ప్లానింగ్‌లో సుమారు 70 శాతం దాకా పర్వాలేదు అంటారు, కాబట్టి మీ రోడ్డు ఈరోజు పాస్. కొత్త కాంప్లెక్స్‌కి ఆ గంటలో 240 కార్లు వస్తాయి అనుకుందాం. 840 అయింది. కెపాసిటీ 900 కదా, ఇంకా 60 మిగిలే ఉంది కదా, ఇబ్బంది ఏంటి అనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాళ్ళకి ఈ బొమ్మ వెంటనే గుర్తొస్తుంది. సర్వర్ 67 శాతం లోడ్‌లో ఉన్నప్పుడు హాయిగా ఉంటుంది. 93 శాతానికి వెళ్ళిందంటే అలర్ట్‌లు మోగుతాయి, అర్ధరాత్రి ఫోన్లొస్తాయి. ఎందుకంటే ఎదురుచూపు లోడ్‌తో సమానంగా పెరగదు. క్యూల గురించి అన్నిటికంటే సులువైన సూత్రం ఒకటుంది: నిండిన భాగాన్ని మిగిలిన భాగంతో భాగించండి. మూడింట రెండొంతులు నిండితే ఎదురుచూపు 2. 93 శాతం నిండితే ఎదురుచూపు 14. బండ్లు పెరిగింది 40 శాతం, ఎదురుచూపు పెరిగింది 7 రెట్లు. రోడ్డు అచ్చంగా సర్వర్ కాదు, సిగ్నళ్ళుంటాయి, యూ టర్నులుంటాయి. అంకె అటూ ఇటూ అవుతుంది. కానీ పోకడ మాత్రం ఇదే. "నిన్నటిదాకా బాగానే ఉండేది, ఒక్కసారిగా ఏమైందో తెలీదు" అని మనవాళ్ళు అంటారు చూడండి, అది భ్రమ కాదు. నిజంగానే ఒక్కసారిగా అవుతుంది.

ఇందులో ఇంకా రోడ్డు 900 నుంచి తగ్గడం కలపలేదు. క్యాబ్‌లు ఆగడం, డెలివరీ బైకులు నిలబడటం, వాలెట్ వాళ్ళు కారు తిప్పడానికి రోడ్డునే వాడుకోవడం, అవి కలిపితే లెక్క ఇంకా పాడవుతుంది.

ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం. నన్నడిగితే కాలనీవాళ్ళు పోట్లాడాల్సిన మొదటి చోటు ఇదే. సెల్లార్‌లోకి వెళ్ళే దారిలో ఒక బారియర్ ఉంటుంది. కారు ఆగాలి, అద్దం దించాలి, టోకెన్ తీసుకోవాలి, సెక్యూరిటీ అతను డిక్కీ తెరిపించి చూడాలి. కారుకి 20 సెకన్లు అనుకుంటే గంటకి 180 కార్లే లోపలికి పోతాయి. వచ్చేవి 240. ఆ గంట అయ్యేసరికి 60 కార్లు బయట. కారుకి, ముందు కొంచెం ఖాళీతో కలిపి, 6 మీటర్లు వేసుకోండి. 360 మీటర్ల లైను. అది ఎక్కడ నిలబడుతుంది? మీ రోడ్డు మీద, మీ కాలనీ ఎంట్రన్స్‌కి అడ్డంగా.

అదే బారియర్ ఇంకొకటి పెడితే? గంటకి 360 కార్లు లోపలికి పోతాయి, లైనే ఉండదు. ఆ బారియర్లని రోడ్డు అంచున కాకుండా ర్యాంప్ కింద పెడితే, ఎప్పుడైనా ఆగిన కార్లు కూడా వాళ్ళ స్థలంలోనే ఆగుతాయి. డ్రాయింగ్ మీద ఇది ఒక గీత జరపడం. కాంక్రీట్ పోశాక అది కుదరని పని. అందుకే రేకులు లేచిన రోజే అడగాలి అంటున్నాను.

మరి ఇంత సులువైన విషయం అనుమతుల్లో ఎందుకు పట్టుబడదు? మన రూల్స్ ఏం కొలుస్తాయో చూద్దాం. 2006 మార్చిలో ఉమ్మడి రాష్ట్రంలో జీవో 86 వచ్చింది. స్థలంలో ఇంత నిష్పత్తిలోనే కట్టాలి అనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని హైదరాబాద్‌లో తీసేశారు. దాని బదులు ముందున్న రోడ్డు వెడల్పుని బట్టి బిల్డింగ్ ఎత్తు అన్నారు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 కూడా అదే దారి. ఉదాహరణకి 55 మీటర్లు దాటి కట్టాలంటే ముందు 30 మీటర్ల రోడ్డుండాలి. వినడానికి సబబుగానే ఉంది. కానీ రోడ్డు వెడల్పు ఎంత అని అడుగుతారు గానీ, ఆ రోడ్డు ఇప్పటికే ఎంత నిండింది అని ఆ పట్టికలో ఎక్కడా లేదు.

పార్కింగ్ కూడా అంతే. కట్టే విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కి వదలాలి. మల్టీప్లెక్స్‌కి ఎక్కువ, అపార్ట్‌మెంట్‌కి తక్కువ. ఇది కార్లు ఆగే చోటుని కొలుస్తుంది. కార్లు లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ పట్టే టైమ్‌ని కొలవదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం జీవో 63 ఇచ్చింది, మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఫ్రీ, కొన్న బిల్లు చూపిస్తే గంట దాకా ఫ్రీ అని. జేబుకి మంచిదే, రోడ్డు మీద పార్క్ చేయడం తగ్గడానికీ మంచిదే. కానీ అదీ కారు లోపలికి వెళ్ళాకే కదా.

పెద్ద బిల్డింగులకి ఇంకొక మెట్టుంది. 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2 లక్షల 15 వేల చదరపు అడుగులు, ఆపైన కడితే పర్యావరణ అనుమతి కావాలి. ఆ దరఖాస్తులో ఫారం 1ఏ అని ఉంటుంది. అందులో మనకి కావాల్సిన ప్రశ్న అచ్చంగా ఉంది: ఈ ప్రాజెక్టు వల్ల పార్కింగ్ కొరత వస్తుందా, ఇప్పుడున్న రవాణా సదుపాయం ఎంత, ఎంట్రీ, ఎగ్జిట్ దగ్గర ట్రాఫిక్ ఎలా నడిపిస్తారు? చాలామందికి ఈ ప్రశ్న ఉందనే తెలియదు. ఎందుకు తెలియదంటే, అదే నోటిఫికేషన్‌లో బిల్డింగ్ ప్రాజెక్టులకి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. సిమెంట్ ఫ్యాక్టరీ వస్తే ఊళ్ళో టెంటు వేసి మైకు పెట్టి అభిప్రాయం అడుగుతారు. మీ గేటు పక్కన 3 లక్షల చదరపు అడుగుల మాల్ వస్తే అడగరు. ప్రశ్న ఉంది, జవాబు ఉంది, ఆ జవాబు నిజమో కాదో రోజూ చూసేవాళ్ళు మాత్రం గదిలో లేరు.

ఇక 20,000 మీటర్ల లోపు అయితే ఆ ప్రశ్న కూడా లేదు. 2020 నవంబర్‌లో టీఎస్ బీపాస్ మొదలయ్యాక పెద్ద బిల్డింగులకి కూడా 21 రోజుల్లో అనుమతి ఇవ్వాలి. అర్జీ పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ పోయింది, అది నిజంగా మంచి మార్పు. కానీ పక్కింటివాడు విషయం తెలుసుకుని, నలుగురితో మాట్లాడి, ఒక కాగితం రాసేలోపే 21 రోజులు అయిపోతాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది కదా. ప్రతి బిల్డింగూ విడివిడిగా పరీక్ష రాసి పాసవుతుంది. ఒక్కో బిల్డింగ్ తన స్థలం, తన ఎత్తు, తన పార్కింగ్ చూపిస్తుంది. అదే రోడ్డు మీద ఐదు బిల్డింగులు పాసైతే ఐదింటినీ కలిపి మోసేది రోడ్డు. ఆ కూడిక చేసే టేబుల్ ఏ ఆఫీసులోనూ లేదు.

జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 చూడండి. 2020 సెప్టెంబర్ 25న దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తెరిచారు. మాదాపూర్ వైపు వెళ్ళేవాళ్ళకి దూరం తగ్గింది. కానీ దారి బాగుంటే వ్యాపారం అక్కడికే వస్తుంది. ఒకప్పుడు ఇళ్ళ రోడ్డు అనిపించుకున్న 45 ఇప్పుడు రెస్టారెంట్లు, కేఫ్‌లు, షోరూమ్‌ల రోడ్డు. ఇందులో ఏ ఒక్క రెస్టారెంట్‌నీ వేలెత్తి చూపలేం. కొండాపూర్ వైపు కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరి 1న తెరిచారు. నేరుగా పోయేవాళ్ళు పైనుంచి పోతారు, సంతోషం. మన గల్లీలోకి తిరగాల్సిన మనిషి మాత్రం కిందనే ఉంటాడు. కాలనీ పక్కన వచ్చే సమస్య కిందిది.

ఇదంతా లెక్కల మాట. మా పక్క బ్లాకులో ఒక అంకుల్ ఉన్నారు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. మొదట్లో మధ్యాహ్నం స్లాట్, రాత్రి ఏడు, ఏడున్నరకి ఇంటికొచ్చేవారు. డయాలసిస్ అయ్యాక మనిషి పిండేసిన గుడ్డలా ఉంటాడు, త్వరగా పడుకోవాలి. శని, ఆదివారాలు చివరి అర కిలోమీటర్‌కే అరగంట పైన పట్టడం మొదలైంది. రెండుసార్లు కార్లోనే వాంతులయ్యాయట. ఆంటీ పట్టుబట్టి స్లాట్ మార్పించారు. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తున్నారు. "పొద్దున రోడ్డు ఖాళీగా ఉంటుంది బాబూ, హాయిగా ఉంది" అన్నారు నాతో. ఆయన ఫిర్యాదు చేయట్లేదు, సర్దుకున్నారు. ట్రాఫిక్ అంటే ఆఫీసుకి పది నిమిషాలు లేటవడం అనుకుంటాం. ఇలా సర్దుకున్నవాళ్ళు ఏ సర్వేలోనూ కనపడరు. సాయంత్రం పార్కుకి వెళ్ళడం మానేసిన అమ్మమ్మలు, సైకిల్ లోపల పెట్టేసిన పిల్లలు కూడా అంతే.

సరే, ఏం చేయాలి? నాలుగు పనులు చెప్తాను.

ఒకటి, మీది ఏ దశో తెలుసుకోండి. స్థలం మాస్టర్ ప్లాన్‌లో రెసిడెన్షియల్ అయి, దాన్ని కమర్షియల్‌కి మారుస్తుంటే ముందు ప్రకటన వేసి అభ్యంతరాలు అడుగుతారు. సాధారణంగా 15 రోజులు. ఇది అన్నిటికంటే బలమైన దశ, అన్నిటికంటే తక్కువమంది చూసే దశ కూడా. పేపర్లో చిన్న అక్షరాల్లో సర్వే నంబర్‌తో వస్తుంది. మీ చుట్టుపక్కల ఖాళీ స్థలాల సర్వే నంబర్లు అసోసియేషన్ దగ్గర రాసి పెట్టుకోండి. కట్టాక వెనక్కి తిప్పడం ఎంత కష్టమో ఢిల్లీలో చూశాం. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఇళ్ళ ప్రాంతాల్లో రూల్స్‌కి విరుద్ధంగా నడిచే షాపులకి సీల్ వేయమంది. వ్యాపారులు రోడ్డెక్కారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో 2,183 రోడ్ల భాగాల్ని వ్యాపారానికి, మిశ్రమ వాడకానికి అనుమతిస్తూ నోటిఫై చేశారు. బతుకుతెరువు ఏర్పడ్డాక ఏ ప్రభుత్వమైనా అదే చేస్తుంది.

రెండు, కాగితాలు తెచ్చుకోండి. 2024 డిసెంబర్ 17న మీరట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కడుతున్నంత కాలం ఆమోదించిన ప్లాన్ సైట్ దగ్గర అందరికీ కనపడేలా పెట్టాలని. మర్యాదగా వెళ్ళి అడగండి, ఫోటో తీసుకోండి. పర్యావరణ అనుమతి ఉంటే పరివేశ్ పోర్టల్‌లో దొరుకుతుంది. ఫారం 1ఏలో ట్రాఫిక్ ప్రశ్నకి ఏం రాశారో చదవండి. దొరకనివి ఆర్‌టీఐలో అడగండి, ఫీజు 10 రూపాయలు, జవాబుకి 30 రోజులు. ఆర్‌టీఐలో ఇంకొక ప్రశ్న కూడా కలపండి. జీవో 168లో సిటీ లెవెల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు అని ఉంది. దాన్ని విడిగా ఎస్క్రో ఖాతాలో పెట్టి, 50 శాతం అదే ప్రాంతంలో సదుపాయాలకి ఖర్చు చేయాలని రాసి ఉంది. "మా ప్రాంతంలో ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది, దేనికి?" ఈ ఒక్క వాక్యం చాలు.

మూడు, మీరే లెక్కపెట్టండి. దీనికి ఇంజనీర్ అక్కర్లేదు. ఒక మామూలు వారం రోజు, ఒక శనివారం, సాయంత్రం 6 నుంచి 9 దాకా, గేటు దగ్గర ముగ్గురు కూర్చోండి. బైకులు, కార్లు, ఆటోలు, బస్సులు వేరువేరుగా, 15 నిమిషాలకి ఒకసారి గీతలు. ఇంటర్ చదివే పిల్లలకి ఇస్తే సరదాగా చేస్తారు. పక్కనే వీడియో తీసి పెట్టుకోండి, ఎవరైనా కాదంటే చూపించడానికి. "ట్రాఫిక్ విపరీతంగా ఉంది" అన్న వినతిపత్రం ఫైల్లో పడుకుంటుంది. "శనివారం 7 నుంచి 8 దాకా ఈ రోడ్డు కెపాసిటీలో ఇంత శాతం నిండింది, ఇదిగో షీటు" అన్న కాగితానికి అధికారి ఏదో ఒకటి రాయక తప్పదు.

ఇక్కడ మన సంగతి కూడా నిజాయితీగా చూసుకోవాలి. లెక్క పెట్టినప్పుడు కాలనీవాళ్ళ కార్లు రోడ్డు మీద ఎన్ని ఆగి ఉన్నాయో కూడా రాయండి. ఇంటికి రెండు కార్లు, ఒకటి లోపల, ఒకటి బయట. ఫుట్‌పాత్ మీద మన ర్యాంప్, దాని మీద మన పూలకుండీలు. అవతలివాళ్ళ లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే. ముందే మనం సర్దుకుని వెళ్తే మన మాటకి బరువుంటుంది.

నాలుగు, "రద్దు చేయండి" అనే ఒక్క కోరికతో వెళ్ళకండి. కొలవగలిగినవి అడగండి. ఎంట్రీ గేటు చిన్న రోడ్డు వైపు కాకుండా పెద్ద రోడ్డు వైపు ఉండాలి. బారియర్ ర్యాంప్ లోపల ఉండాలి, రెండు లేన్లు ఉండాలి. క్యాబ్‌లు, ఆటోలు ఆగే చోటు వాళ్ళ స్థలంలోనే ఉండాలి. సరుకు లారీలు రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు దాకానే రావాలి, కానీ హారన్ కొట్టకూడదు. వాలెట్ కార్లు కాలనీ గల్లీల్లో పెట్టకూడదు. ఇవి ట్రాఫిక్ పోలీసులకీ, టౌన్ ప్లానింగ్‌కీ, బిల్డర్‌కీ ఒకే కాపీ పంపండి. బిల్డర్‌కి ఎందుకంటారా? లైను పడితే అతని కస్టమర్ కూడా తిరిగి వెళ్ళిపోతాడు. రెండో బారియర్ అతనికీ లాభమే. చాలాచోట్ల అతనితో ఎవరూ ఇలా మాట్లాడి ఉండరు.

పర్యావరణ అనుమతిలో తప్పు లెక్కలు కనిపిస్తే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కి అప్పీల్ ఉంది. 30 రోజులు గడువు, సరైన కారణం చూపిస్తే ఇంకొక 60 రోజులు. అది దాటితే ఆ తలుపు మూసుకుంటుంది, కాబట్టి అనుమతి తేదీ ముందు చూసుకోండి. బిల్డింగ్ పూర్తయ్యాక కూడా అక్యుపెన్సీ సర్టిఫికెట్ ఒక దశే. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన సెల్లార్‌లో గోడౌనో, కిచెనో కనిపిస్తే ఆ సర్టిఫికెట్ ఇవ్వకముందే ఫోటోలతో రాయండి.

ఇవన్నీ చేసినా మాల్ ఆగకపోవచ్చు. చాలావరకు ఆగదు కూడా. కానీ గేటు పది గజాలు లోపలికి జరిగితే, లారీల టైమ్ మారితే, ఆ రోడ్డు మీద బతికే రెండు మూడు వందల కుటుంబాలకి అది రోజూ తెలిసే తేడా.

పెద్ద ప్రశ్న మాత్రం మిగులుతుంది, కూడిక ఎవరు చేయాలి అని. 2023 జనవరి 10న చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు, నగరాల అభివృద్ధికి అనుమతి ఇచ్చేముందే పర్యావరణ ప్రభావం అధ్యయనం చేయాలని, దానికి చట్టసభలు, ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయాలని కోరింది. ఒక్కో బిల్డింగ్‌కి విడిగా కాకుండా ఒక్కో రోడ్డుకి లెక్క పుస్తకం ఉండాలి. ఈ రోడ్డు కెపాసిటీ ఇంత, ఇప్పటికే ఇచ్చిన అనుమతులు ఇన్ని, మిగిలింది ఇంత. మిగిలింది సున్నా అయితే, ముందు రోడ్డో, బస్సో, మెట్రోనో రావాలి, తర్వాతే కొత్త అనుమతి. బ్యాంకులో డబ్బు లేకపోతే చెక్కు బౌన్స్ అవుతుంది. రోడ్డు విషయంలో మాత్రం ఎన్ని చెక్కులు రాసినా పాసవుతూనే ఉన్నాయి. వచ్చేసారి ఓట్లడగడానికి వచ్చినవాళ్ళని "ట్రాఫిక్ తగ్గిస్తారా" అని అడగకండి, అందరూ తగ్గిస్తాం అనే అంటారు. "మా రోడ్డు లెక్క పుస్తకం చూపిస్తారా" అని అడగండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మీ కాలనీలో ఎవరైనా ఇలా లెక్కపెట్టి, అడిగి, ఏదైనా మార్పించి ఉంటే నాకు రాయండి. ఆ షీటు ఇంకో కాలనీకి పనికొస్తుంది. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.